ముద్ద పెట్టిందెవరు?

కిందటి నెలలో ఒక ఆదివారం పొద్దున, అమెరికాలో, అల్ఫారెట్టాలోని మా అమ్మాయి వాళ్లింట్లో వంటింటి బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగుతున్నాను. హైస్కూల్లో చదువుకుంటున్న మా మనవరాలు పరుగున వచ్చి, అమ్మమ్మ ఫేమస్ అయిపోయిందని గోల చేస్తూ, తన ఫోన్ నా కళ్లజోడుకు ఆనేంత దగ్గరగా పెట్టింది. ఆఫ్రికాలో మంచినీటి బావులు తవ్వించడానికి ఇక్కడి తెలుగువాళ్లు కొందరు విరాళాల విందు ఒకటి పెడుతున్నారనీ, ఆ కమిటీలో మా అమ్మాయి కూడా ఉందనీ నాకు తెలుసు. ఆ విందు పోస్టరు అది. పైన పెద్ద పెద్ద అక్షరాలతో 'ఆకలి తీర్చిన తెలుగు చెయ్యి' అని ఉంది. దాని కింద ఒక ఫొటో. నిండా గాజులు వేసుకున్న ఒక చెయ్యి, ఆ చేతిలో ఒక ముద్ద, ఆ ముద్ద కోసం నోరు బారెడు తెరిచిన ఒక నల్లని ముసలావిడ. చుట్టూ ఉన్నదంతా కత్తిరించేసి, రంగు ముదరబెట్టి, ఆవిడ బుగ్గల గుంటలు కొట్టొచ్చినట్టు కనపడేలా చేశారు. అడుగున నా పేరూ, వాళ్లే నాకు తగిలించిన బిరుదూ, 'ఆఫ్రికా అన్నపూర్ణ' అని. ఆ గాజుల చెయ్యి నాదే. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఈ వయసులో నాకు తెలిసొచ్చింది.

ఆవిడ ఎవరో చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. ఇథియోపియాలో జిమ్మా అనే ఊళ్లో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు ఆవిడ. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, లెక్కలూ సైన్సూ చెప్పగలిగిన బీఈడీ వాళ్లు ఎంతమంది ఆ రోజుల్లో ఇథియోపియాకూ నైజీరియాకూ జాంబియాకూ వెళ్లారో. మలయాళీలు ముందు వెళ్లారు, వాళ్ల వెనకాలే మనవాళ్లు. మా వారిది ఫిజిక్సు, నాది లెక్కలు. మేము సేవ చెయ్యడానికి వెళ్లలేదు, జీతానికి వెళ్లాం. తెనాలిలో ఇద్దరం కలిసి చాకిరీ చేసినా రానిది అక్కడ ఒక్కరికి వస్తుందంటే వెళ్లాం. ఇందులో దాచుకోవలసిందేమీ లేదు. కానీ ఇప్పుడు మా అమ్మాయి దగ్గర్నుంచి అందరూ మేమేదో ధర్మకార్యానికి వెళ్లి ప్రాణాలకు తెగించి వచ్చినట్టు మాట్లాడుతూ ఉంటే వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది.

వెళ్లేముందు మా మేనత్త కూర్చుని పెట్టెలు సర్దింది. అక్కడ అడవి తప్ప ఏముంటుందని, అగ్గిపెట్టెలు, ఉప్పు, సూదులూ దారపుండలూ, రెండు కొవ్వొత్తుల కట్టలూ, పాము కాటుకు ఏవో వేర్లూ పెట్టింది. తీరా జిమ్మాలో బస్సు దిగితే కరెంటు దీపాలున్నాయి, సినిమా హాలుంది, ఇటలీవాళ్లు కట్టిపోయిన రాతి మేడలున్నాయి, యెమెన్ అరబ్బుల కొట్లున్నాయి. నేను జీవితంలో మొదటిసారి మాకరోనీ తిన్నది అమెరికాలో కాదు, జిమ్మా బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో. మా పెట్టెలోంచి అగ్గిపెట్టెలు డజన్ల కొద్దీ బయటపడుతుంటే, మా ఇంటావిడ గుమ్మంలో నిలబడి, మీరు ఇక్కడ అగ్గిపెట్టెల కొట్టు పెడతారా అని కొడుకు చేత ఇంగ్లీషులో అడిగించింది. మా వారు పగలబడి నవ్వారు గాని, నాకు తలకొట్టేసినట్టయింది.

ఆవిడను ఊరంతా ఎమామ అనేవారు, వాళ్ల భాషలో పెద్దావిడలను పిలిచే పిలుపది. మేమూ అలాగే పిలిచేవాళ్లం. భర్త పోయాడు. ఇంటి వెనక కాఫీ తోట ఉంది, ఒక కొడుకు బ్యాంకులో, మరొక కొడుకు లారీల వ్యాపారంలో. తోటలో కూలీలను ఒక చూపుతో నడిపించేది. మధ్యాహ్నం నేల మీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వేసి, పచ్చి కాఫీ గింజలు మా ముందే వేయించి, ఆ పొగను చేత్తో మా మొహాల మీదికి విసిరి, మూడు విడతలుగా కాఫీ పోస్తే గాని లేవనిచ్చేది కాదు. మొదటి విడత తాగి లేచిపోయినవాణ్ణి ఆవిడ మనిషి కింద జమకట్టేది కాదు. ఇప్పుడు చెప్పండి, ఈ ఆవిడా ఆకలితో నోరు తెరిచింది!

ఆ ఊరి గడియారం సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. బళ్లో చేరడానికి రేపు రెండు గంటలకు రమ్మన్నారని చెబితే, మేము శుభ్రంగా భోంచేసి, మిట్టమధ్యాహ్నం ఎండలో చెమటలు కక్కుకుంటూ రెండింటికి వెళ్లాం. హెడ్‌మాస్టరు పొద్దుటి నుంచీ మా కోసం చూసి చూసి, ఇండియావాళ్లకు క్రమశిక్షణ ఎక్కువని విన్నానే అన్నట్టు మొహం పెట్టాడు. వాళ్లకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, మనం ఎనిమిదనేది వాళ్లకు రెండు. ఆలోచిస్తే అందులో తప్పేముంది, మన పెద్దలు ఘడియలు లెక్కపెట్టుకున్నదీ పొద్దు పొడుపు నుంచే కదా. వాళ్ల అక్షరాలకు మన గుణింతం లాంటిదే ఉంది, మా వారు వారం తిరగ్గానే కొట్ల బోర్డులన్నీ కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టారు. సంతకు వెళితే అయిదారు భాషలు చెవిన పడేవి, ఒరోమో పల్లెవాళ్లది ఒకటి, గురాగే వ్యాపారులది ఒకటి, అరబ్బులది ఒకటి. ఇదంతా ఒక్క ఊళ్లో ఒక్క సంత. మాతో పాటు వచ్చిన ఒక మలయాళీ మాస్టారు తరవాత జాంబియా వెళ్లి, ఇక్కడ నేర్చుకున్నది ఒక్క ముక్క అక్కడ పనికిరాలేదని లబోదిబోమన్నాడు. యాభై చిల్లర దేశాలున్న ఖండాన్ని పట్టుకుని ఒకే గుడిసె, ఒకే ఎండిన చెట్టు, ఒకే ఏడ్చే పిల్లాడిగా చూపించేవాళ్లను చూస్తే ఒళ్లు మండదా మరి.

కరువు రాలేదని నేననను. మేమున్నప్పుడే ఉత్తరాది జిల్లాల్లో వానల్లేక జనం మాడిపోయారు. ఆ కబురు తెలిసి జిమ్మాలో ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేశారు, మా ఇంటావిడ తన గాదెలోని ధాన్యం లారీకెత్తించింది. ఆ లారీకి ఎవరూ ఫొటో తియ్యలేదు. ప్రపంచానికి దొరికిన ఫొటోల్లో పెట్టే చేతులన్నీ తెల్లవి, చాపిన చేతులన్నీ నల్లవి.

ఇక ఆ ముద్ద సంగతి. అక్కడ ఇంజెరా అని మన అట్టులాంటిది, పులియబెట్టిన పిండితో తాంబాళమంత వేస్తారు. దాని మీద కూరలు వడ్డించి, నలుగురూ చుట్టూ కూర్చుని ఒకే పళ్లెంలో తింటారు. తింటూ తింటూ, ఉన్నట్టుండి ఒకరు పెద్ద ముద్ద చుట్టి పక్కవాళ్ల నోట్లో పెట్టేస్తారు. దాన్ని గుర్షా అంటారు. ముద్ద ఎంత పెద్దదైతే ప్రేమ అంత ఉన్నట్టు. వద్దంటే అవమానం. పెట్టించుకున్నవాళ్లు తిరిగి పెట్టకపోతే అది ఇంకా పెద్ద అవమానం. అత్తగారు కోడలికి పెడుతుంది, బ్యాంకు మేనేజరు గుమాస్తాకు పెడతాడు, గుమాస్తా మేనేజరుకు పెడతాడు. ఇందులో దాతా లేడు, యాచకుడూ లేడు.

మా అమ్మాయి పుట్టింది ఆ ఊళ్లోనే, ఆ ఇంట్లోనే. నాకు నెలలు నిండుతున్నప్పుడు మా వారికి కామెర్లు వచ్చి, ఒళ్లంతా పచ్చబడి, ఆడిస్ అబాబాలో పెద్దాసుపత్రిలో పడేశారు. అది రోజు పొడుగునా బస్సులో పోతే గాని చేరని దూరం. ఆయన బతుకుతారో లేదో చెప్పే దిక్కు లేదు. ఇవతల నేను పచ్చి బాలింతను, లేచి కిరసనాయిల్ స్టవ్ వెలిగించుకునే ఓపిక లేదు, తోడుగా పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ ఎవరూ లేరు. ఆకలంటే నాకు అప్పుడు తెలిసింది. పసిపిల్ల పాల కోసం ఏడుస్తుంటే పాలు రావడం లేదని నేనూ దానితో పాటు ఏడ్చాను. ఆ ఏడుపు విని గోడ అవతల నుంచి ఆవిడ వచ్చింది. ఒక్క మాట అడగలేదు. బార్లీ పిండి ఉడికించి, మన సంకటి ముద్దకు గుంట చేసి నెయ్యి పోసినట్టే, మధ్యలో మసాలా వేసి కాచిన వెన్న పోసి తెచ్చింది. బాలింతలకు అక్కడ పెట్టే పథ్యం అది. నేను చేత్తో తీసుకోబోతే సగం ఒళ్లోనే పడిపోయింది. ఆవిడే ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. ఆ పూటే కాదు, ఆయన ఆసుపత్రి నుంచి వచ్చేవరకు ప్రతి పూటా పెట్టింది. అవి వాళ్ల ఈస్టరు ముందు పెద్ద ఉపవాసాల రోజులు. పొద్దున ఏమీ తినరు, ఆ తరవాత తిన్నా పాలూ వెన్నా ముట్టరు. నా కోసం వెన్న కాచే మనిషి ఉప్పు సరిపోయిందో లేదో నాలిక మీద వేసుకు చూడటానికి కూడా వీల్లేక, నన్ను అడిగేది. ఆవిడ బుగ్గలు లోపలికి పోయింది అందుకండీ, తిండి లేక కాదు.

మా వారు చిక్కి సగమై తిరిగొచ్చాక, ఇరవై ఒకటో రోజు దాటిపోయినా సరే అని పిల్లకు బారసాల చేశాం. ఉపవాసపు వంటలే, శనగపిండి పులుసూ పప్పులూ ఆకుకూరలూ, మనకు అన్నీ పనికొచ్చేవే. అందరూ పళ్లెం చుట్టూ చేరినప్పుడు, ఇన్నాళ్లూ ఆవిడ చేతి ముద్దలు తిన్న నేను మొట్టమొదటిసారి ఆవిడకు గుర్షా పెట్టాను. కసితీరా ఇంత ముద్ద చుట్టాను. అది పట్టక ఆవిడ నోరు తెరిచి, కళ్లు మూసుకుని నవ్వబోతుంటే, మా వారు మలయాళీ మాస్టారి కెమెరా అడిగి తెచ్చి ఆ ఫొటో తీశారు. అసలు ఫొటోలో పక్కన అయిదారుగురు ఆడవాళ్లు పడీ పడీ నవ్వుతున్నారు, ఆవిడ తెల్లని చీరలాంటి బట్ట అంచు వెలిగిపోతోంది, వెనక గోడకు కొడుకు డిగ్రీ పుచ్చుకుంటున్న పటం ఉంది. మా వారు పోయాక మా అమ్మాయి పాత ఆల్బములన్నీ స్కాన్ చేయించింది. అలా ఆ ఫొటో కమిటీ చేతిలో పడింది, కత్తెర పడింది, అన్నపూర్ణ పుట్టింది.

మా అమ్మాయి మీద విరుచుకుపడ్డానంటే పడ్డాను. అది బిత్తరపోయింది. నాన్న పోయిన తరవాత నేను దిగులుగా ఉంటున్నాననీ, నలుగురిలో నాకొక సన్మానం జరిగితే చూడాలనీ దాని కోరిక. ఆ ప్రేమ నాకు తెలియక కాదు. అయినా ఆ పోస్టరు తియ్యమన్నాను. అప్పటికే బ్యానర్లు ప్రింట్ అయిపోయాయంది, హాలు గోడకు నిలువెత్తు ఫ్లెక్సీ కూడా వచ్చేసిందంది.

"అమ్మా, ఆ పిక్చర్ చూసే అన్ని టేబుల్స్ బుక్ అయ్యాయి. ఇప్పుడు చేంజ్ చేస్తే ప్రోగ్రామ్ ఏమవుతుంది? మంచి కాజ్ కోసమే కదా. అయినా ఆవిడ ఇప్పుడు బతికి లేరుగా, ఎవరికి తెలుస్తుంది చెప్పు."

"నాకు తెలుసు కదే," అన్నాను.

ఆ కథంతా చిన్నప్పుడు దానికి చెప్పలేదా అంటే చెప్పాను, ఎడిసన్‌లో దానికి జడ వేస్తూ ఎన్నిసార్లో చెప్పాను. మా అమ్మ ఏదో పాత సోది చెబుతోందని అది చెవులకు వాక్‌మ్యాన్ తగిలించుకుని కూర్చునేది.

ఎడిసన్ అంటే గుర్తొచ్చింది. మేము అమెరికా వచ్చిన కొత్తలో నేను అక్కడి బళ్లో లెక్కల టీచరుగా చేరితే, స్టాఫ్‌రూమ్‌లో తోటి టీచర్లు మీ ఇండియాలో ఇంటికో పాముంటుందటగా, ఆవులు పడగ్గదుల్లోకి వస్తాయటగా అని అడిగేవారు. ఒకసారి టీవీలో మన మురికివాడలు తప్ప మరేమీ చూపించని కార్యక్రమం ఏదో వస్తే, మన తెలుగువాళ్లం వారాంతం వంకాయ కూరల మధ్య కూర్చుని ఎంత రగిలిపోయామో, టీవీవాళ్లకు నిరసన తెలపాలని ఎన్ని తీర్మానాలు చేశామో. మా దేశమంటే ఇంతేనా అని గొంతు చించుకున్నవాళ్లే, ఇప్పుడు పెద్ద ఇళ్లూ పెద్ద కార్లూ వచ్చాక, పక్క ఖండాన్ని అదే కెమెరాతో చూస్తున్నారు. తెల్లవాళ్లకు ఆ ముద్ద ఏమిటో తెలియదంటే పోనీలే అనుకుంటాను. ఆవకాయన్నం కలిపి చుట్టూ కూర్చోబెట్టుకుని అమ్మమ్మ తలా ఒక ముద్ద నోట్లో పెడుతుంటే తిని పెరిగిన జాతి కదండీ మనది, ఒకరి చేతి ముద్ద మరొకరి నోటికి వెళితే అది బిచ్చమే అని మనకెలా తోచింది?

విందుకు వస్తానన్నాను. మైకు ఇస్తారుగా అని మాత్రం అడిగాను.

హాలు కళకళలాడిపోతోంది. వేదిక వెనక నిలువెత్తున ఆవిడ, నోరు తెరుచుకుని. దాని ముందు బిర్యానీ, గోంగూర మటన్, జిలేబీ స్టాళ్లు. కమిటీ ప్రెసిడెంటు, నలభై ఏళ్ల సాఫ్ట్‌వేరు కుర్రాడు, చాలా మర్యాదస్తుడు, ఆంటీ ఆంటీ అంటూ చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించాడు. శాలువా కప్పబోతుంటే ఆపి, మైకు అందుకున్నాను. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన గొంతు నాది.

"ఈ ఫొటోలో ఆకలితో ఉన్న మనిషి ఆవిడ కాదు, నేను. ఆవిడ పెట్టిన ముద్దలు తిని నేనూ, నా పాలు తాగి అదిగో ఆ కూర్చున్న మా అమ్మాయీ బతికాం. ఆవిడ మా ఇంటి యజమానురాలు. ఆవిడను మీరు బిచ్చగత్తెను చేశారు."

మా అమ్మాయి తల వంచుకుంది. ఒక్క క్షణం, చెప్పాల్సింది చెప్పానన్న తృప్తి కలిగిన మాట నిజం. ఆ తృప్తి నాకెంతోసేపు మిగల్లేదు. ప్రెసిడెంటు రెండో మైకులో, "చూశారా, ఆంటీ ఎంత హంబుల్‌గా మాట్లాడారో! తను చేసిన సేవ గురించి ఒక్క మాట చెప్పుకోలేదు," అన్నాడు. అంతే, హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు. శాలువా కప్పేశారు. నేను మళ్లీ ఏదో అనబోతే పూలదండ మైకుకు అడ్డం వచ్చింది. దిగాక ఆడపిల్లలు వరసగా వచ్చి నా కాళ్లకు దండాలు పెట్టారు, మీలాంటి పెద్దమనసు ఈ రోజుల్లో ఎవరికుంటుందన్నారు. విరాళాలు అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చాయట. నిజం చెబితే నమ్మని చోట అబద్ధాన్ని ఎలా ఆపాలో నాకు తెలియలేదు. కారులో ఇంటికొచ్చేవరకు శాలువా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు సాయంత్రం మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చీ రావడంతోనే నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కమిటీవాళ్లతో పోట్లాడి నా ఫొటో వెబ్‌సైట్‌లోంచి తీయించేసిందట. నా గుండె కరిగిపోయింది. ఏదీ చూపించు అన్నాను. ఫోన్ తెరిచి ఇచ్చింది. నిజమే, మా ఇంటావిడ లేదు. ఆవిడ ఉన్న చోట మరొక ఆవిడ ఉంది. పాతికేళ్లుంటాయో లేదో, ఎముకలు తేలిన మెడ, ఒళ్లో మొహం మీద ఈగలు వాలిన పసిగుడ్డు. నెట్‌లో ఎక్కడో కొన్నారట.

"ఈ పిల్లది ఏ ఊరే?" అని అడిగాను.

మా అమ్మాయి ఫోన్ వంకా నా వంకా చూసింది. "ఊరు అంటే... ఆఫ్రికానే కదమ్మా," అంది. జిమ్మాలో పుట్టిన నా కూతురు.

మేము ఆ ఇంట్లో దిగిన కొత్తలో ఒకనాడు ఎమామ ఒక పత్రిక పట్టుకుని వచ్చింది. మన దేశంలో కరువప్పటి బొమ్మ అది, చిరిగిన చీర కట్టుకున్న తల్లి, ఒళ్లో బిడ్డ. చూడగానే నాకు సిగ్గూ ఉక్రోషమూ ముంచుకొచ్చాయి. ఆవిడ గడప మీద కూర్చుని, కొడుకు ఇంగ్లీషులో చెబుతుంటే, ఒక్కొక్కటే అడిగింది. ఈ తల్లిది ఏ ఊరు, అది మీ ఊరికి ఎంత దూరం, అక్కడ ఏం పండుతుంది, వానలు ఎప్పుడు పడాలి, ఆ తరవాత ఆ బిడ్డ బతికిందా. నాకు తెలియదన్నాను. తెలియకపోతే ఎలా, మీ మనిషే కదా అంది. మా అమ్మ ఏం వండుతుందో, మా ఊరి కాలవలు ఎలా ఉంటాయో పొద్దుగూకే దాకా నా చేత చెప్పించుకుని, ఆ పత్రిక మడిచి తీసుకుపోయింది. ఆ తరవాత ఎప్పుడూ నా దగ్గర ఇండియా గురించి అయ్యో పాపం అనలేదు.

ఈ దేశంలో ఏ కూరగాయల కొట్లోనైనా తెలుగు మాట వినపడితే చాలు, మనం మొట్టమొదట అడిగేది మీదే ఊరండీ అనే కదా. గుంటూరంటే ఊరుకోం, గుంటూరులో ఎక్కడ అంటాం, అరండల్‌పేట అంటే ఎన్నో లైను అంటాం, ఆ లైన్లో ఫలానావారు మీకేమవుతారు అనేదాకా వదలం. నా చిన్నతనంలో గుమ్మంలోకి వచ్చి గుక్కెడు మంచినీళ్లు అడిగిన దారినపోయే మనిషిని కూడా అలాగే అడిగేవాళ్లు మా ఇంట్లో. ఇప్పుడు ప్రపంచంలో ఏ మూలనున్న మనిషి మొహమైనా క్షణంలో అరచేతిలోకి వచ్చేస్తోంది, జాలిపడుతున్నాం, డబ్బు కూడా ఇస్తున్నాం, అమ్మా, నీది ఏ ఊరు అని మాత్రం అడగడం లేదు.